డిచ్చార్జి అంటే దించడం

కుప్పం ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో, కిటికీ పక్కనున్న పదకొండో నంబరు మంచం దగ్గర ఆ పొద్దున ఉన్నవాళ్ళు: మంచం మీద మా అన్న, కాళ్ళ దగ్గర వదిన, తల దగ్గర నేను, చేతి నుంచి సెలైన్ సూది తీసి దూది అద్దుతున్న నర్సమ్మ. ఉన్న వస్తువులు: ఫ్లాస్కు ఒకటి, దుప్పట్లు రెండు, స్టీలు గ్లాసు, అన్న తలగుడ్డ, స్కాన్ ఫిల్ములున్న పెద్ద కవరు, సగం తిన్న బ్రెడ్డు, వదిన అప్పుడే కింద కొట్లో కొనుక్కొచ్చిన అరకిలో మైసూరుపాకు. నా చేతిలో మూడు పేజీల కాగితం. దాని నెత్తిన పెద్ద అక్షరాల్లో డిశ్చార్జ్ సమ్మరీ అని ఉంది.

మైసూరుపాకు వార్డులో పంచడానికి.

"తీసుకో తల్లీ. డిచ్చార్జి సేసినారు కదా, నోరు తీపి సేసుకో" అని వదిన నర్సమ్మకు పొట్లం చాపింది.

నర్సమ్మ ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. "తర్వాత తింటానమ్మా" అని కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది. వేసుకుంటూ నా వైపు చూసింది. ఆమె ఎందుకు చూసిందో నాకు తెలుసు.

ముందు రోజు సాయంత్రం నాలుగు గంటలకు, వార్డు బయట మంచినీళ్ళ ఫిల్టరు పక్కన, డాక్టరమ్మ నాతో ఆరు నిమిషాలు మాట్లాడింది. అన్నకు లివర్లో గడ్డ. ఆపరేషనుకు లొంగదు, మందులకు లొంగే దశ దాటిపోయింది. కడుపులో చేరిన నీళ్ళు తీశారు కాబట్టి కొన్నాళ్ళు ఆయాసం తక్కువగా ఉంటుంది. "ఇంటికి తీసుకెళ్ళండి. ఇష్టమైనవి పెట్టండి. ఇష్టమైనవాళ్ళను దగ్గర ఉంచండి" అంది. ఎన్నాళ్ళు అని అడిగాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినవాణ్ణి, నాకు అంకె కావాలి. "వారాలు. నెలలు కాదు" అంది. లోపలికి పోతూ, "మీరు చదువుకున్నవారు కదా, ఇంట్లోవాళ్ళకు మీరే నెమ్మదిగా చెప్పండి" అంది.

నేను తలూపాను. ఆ తలూపడం మర్నాటికి మూడో పేజీలో ఒక వాక్యమై అచ్చయి వచ్చింది.

మా ఇంట్లో డిచ్చార్జి అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. వదిన మదనపల్లెలో కాన్పయి, పాపను ఎత్తుకొని ఆటో దిగింది: డిచ్చార్జి. పక్కింటి పెద్దాయన కంటికి ఆపరేషను చేయించుకొని నల్లద్దాలతో సినిమా హీరో మాదిరి వీధిలోకి వచ్చాడు: డిచ్చార్జి. చేనులో పాము కరిచిన మా మేనత్త కొడుకు నాలుగో రోజుకు తన కాళ్ళ మీద తను నడుచుకొచ్చాడు: డిచ్చార్జి. డిచ్చార్జి అయినవాడు ఇంటికొస్తాడు, గడప దగ్గర దిష్టి తీస్తారు, కాళ్ళు కడుక్కొని లోపలికి వస్తాడు. ఆ మాటలో నయం కావడం ఇమిడే ఉంటుంది. ఇక లాభం లేదని పంపించేసినవాళ్ళ గురించి మా వైపు ఎవరూ ఆ మాట వాడరు. "తీసకపొమ్మన్నారంట" అంటారు. అదీ గొంతు తగ్గించి. ఈ రెండింటికీ ఆసుపత్రి కాగితం మీద ఉండేది ఒక్కటే మాట అని వదినకు తెలియదు. అది తెలిసే అవసరం అంతవరకూ ఆమెకు రాలేదు.

నా వరకూ అది ఉద్యోగపు మాట. పుంగనూరు దగ్గరి సబ్‌స్టేషన్లో నా పని. అక్కడ ఒక గదిలో యాభై అయిదు సెల్లుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా స్విచ్చులు పని చేయడానికి అదే ఆధారం. అప్పుడప్పుడు దాన్ని డిశ్చార్జ్ పరీక్ష చేస్తాం. గంట గంటకూ ఒక్కో సెల్లు వోల్టేజి కొలిచి రిజిస్టర్లో రాస్తాం. పరీక్ష అయిన వెంటనే మళ్ళీ ఛార్జింగు పెట్టాలి, అలాగే వదిలేస్తే సెల్లు చచ్చిపోతుంది. కాబట్టి నేను ఆ మాట రాసిన ప్రతిచోటా దాని కింది వరుసలో ఛార్జ్ అనే మాట కూడా ఉండేది. డాక్టరమ్మ చెప్పిన తర్వాత కూడా, కాగితం మీద ఆ అక్షరాలు చూసినప్పుడు, కింది వరుస కోసం నా కళ్ళు వెతికాయి.

తెలిసినవాళ్ళ వ్యానులో పుంగనూరుకు బయల్దేరాం. వెనక సీటులో అన్నను పడుకోబెట్టి తల కింద దుప్పటి మడిచి పెట్టాం. వదిన నా చేతిలో కాగితం వైపు వంగింది.

"ఏమప్పా, అంతా ఇంగ్లీషులోనే ఉండాది. సదివి సెప్పు."

వేలు పెట్టి చదివాను. మొదటి పేజీ: పేరు, వయసు నలభై ఒకటి, చేరిన తేదీ. రెండో పేజీ: ఏయే పరీక్షలు చేశారు, ఎన్ని లీటర్ల నీళ్ళు తీశారు. మూడో పేజీ: మాత్రలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నొప్పి వస్తే ఇంకొకటి. మాత్రలకూ సంతకానికీ మధ్య, జబ్బు ఏ దశలో ఉందో చెప్పే రెండు వరుసలు ఉన్నాయి. నా వేలు వాటిని దాటి సంతకం మీద ఆగింది.

"అంతేనా?"

"అంతే వదినా."

"పొట్ట దిగింది సూడు. పొయ్యేటప్పుడు కుండ మాదిరి ఉండె" అని ఆమె అన్న పొట్ట మీద చెయ్యి వేసింది.

బైరెడ్డిపల్లె దారిలోనే. అక్కడ వదిన పుట్టిల్లు. మేం ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో పాపను వదిన వాళ్ళమ్మ దగ్గర పెట్టి అక్కడి బడికే పంపుతున్నాం. మూడో తరగతి. వ్యాను ఆపేసరికి వాళ్ళమ్మ, పాప రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. పాప కిటికీలోంచి తల దూర్చింది.

"నాయనా, డిచ్చార్జి అయిపోయినావా?"

"అయిపోయినా తల్లీ. దించేసినారు."

అందరూ నవ్వారు. అన్న మదనపల్లె టమోటా మండీలో హమాలీ. లారీలకు పెట్టెలు ఎత్తడం, దించడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. రోజూ పుంగనూరు నుంచి మొదటి బస్సుకు పోయి మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఏం చెప్పినా మండీ మాటల్లోనే చెబుతాడు కాబట్టి ఎవరూ ఆ మాటను పట్టించుకోలేదు. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. ఆయన తలగుడ్డ తీసి పాప నెత్తిన పెడుతున్నాడు. పాపకు పరీక్షలు దగ్గరలో ఉన్నాయి, అవి అయ్యాక తీసుకుపోదామని వదిన అంది. తలగుడ్డ పాప దగ్గరే ఉండిపోయింది.

అది సోమవారం. ఇంటి దగ్గర వదిన దిష్టి తీసి, మిగిలిన మైసూరుపాకు వీధిలో నాలుగిళ్ళకు పంచింది.

బుధవారం సాయంత్రం వదిన కొళాయి దగ్గరికి పోయింది. అరుగు మీద మంచం వేసుకొని పడుకున్న అన్న నన్ను పిలిచాడు.

"సిన్నోడా, ఈడికి రా. డాక్టరమ్మ నీకేం సెప్పె?"

"మాత్రలు ఏళకి ఎయ్యమనింది."

"రేయ్. పెట్టె ముట్టుకుంటేనే లోపల కాయ మెత్తబడిందా లేదా సెప్తా నేను. నా ఒళ్ళు నాకు తెలీదా?"

ఆయన కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. గొంతులో మాత్రం పాత తమాషా అలాగే ఉంది.

"మీ వదినకు తెలుసునా?"

"తెలీదన్నా."

"సెప్పు. నేను సెప్పలేను. నేను నోరు తెరిస్తే అది ఏడుస్తాది, అది ఏడిస్తే నేనూ ఏడుస్తా. ఇద్దరం ఏడస్తా కూసుంటే సంగటి కెలికేదెవురు, నువ్వా? నువ్వు కెలికితే ఉండలు కడ్తాది." నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆగి అన్నాడు. "నువ్వు సదువుకున్నోడివి. సక్కంగా సెప్తావు. తెలిస్తే పనంతా ఇడిసిపెట్టి నా పక్కన కూసుంటాది. దాంతో నాలుగు మాటలుండాయిరా నాకు. పెండ్లయినకాడ్నించి మాట్లాడుకునేదానికి తీరనే లేదు. నేను మొదటి బస్సుకు పోతి, అది పాలు పోసేదానికి పోయె."

చెప్తానన్నాను.

ఆ సాయంత్రమే కొళాయి దగ్గరికి పోయాను. వదిన పక్కింటామెతో, "మా ఆయప్ప డిచ్చార్జి అయినాడక్కా, ఇంగ మూడు దినాలకి లేసి తిరుగుతాడు" అంటోంది. బిందె అందుకొని వెనక్కి వచ్చాను. గురువారం పొద్దున ఆమె చట్నీ నూరుతుంటే పక్కన కూర్చున్నాను. "ఇంగో నెలకి మండీకి పోతాడంటావా అప్పా?" అని ఆమే అడిగింది. "సూద్దాం వదినా" అన్నాను. శుక్రవారం ఒక తెల్ల కాగితం మీద చెప్పవలసిన వాక్యం రాసుకున్నాను. అయిదు రకాలుగా రాసి నాలుగు కొట్టేశాను. మిగిలినదాన్ని చొక్కా జేబులో పెట్టుకొని స్నానానికి పోయాను. వచ్చేసరికి చొక్కా తీగ మీద ఆరుతోంది. "జేబులో కాగితాలుంటే తీసి పెట్టుకోకూడదా? అంతా ముద్దయిపాయె" అని వదినే నన్ను తిట్టింది.

శనివారం సబ్‌స్టేషన్లో పని తక్కువ. ఎలా చెప్పాలో తోచక, పాలిటెక్నిక్ రోజుల నుంచి బల్ల సొరుగులో పడి ఉన్న అట్ట ఊడిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తీశాను. ఆ మాటకు అర్థాలు ఇలా ఉన్నాయి: ఓడ నుంచి సరుకు దించడం. తుపాకి పేల్చడం. ఖైదీని వదిలిపెట్టడం. సైనికుణ్ణి కొలువు నుంచి పంపించడం. రోగిని ఇంటికి పంపడం. పుండు రసి కారడం. కాలవ నీళ్ళు వదలడం. బ్యాటరీ ఖాళీ కావడం. అన్నిటికన్నా కింద, నేను ఎప్పుడూ ఆ అర్థంలో వినని ఒకటి ఉంది: తన మీదున్న బాధ్యతను నెరవేర్చడం.

తుపాకి, పుండు, బాధ్యత ఒకే మాటలోకి ఎలా వచ్చాయో అర్థం కాలేదు. ఫోనులో మాట పుట్టుక వెతికాను. అది పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ముందున్న డిస్ అంటే లేకుండా చేయడం, విప్పేయడం. ఛార్జ్ అంటే మొదట కరెంటు కాదు, బరువు. దాని వెనక లాటిన్‌లో బండికి సరుకు ఎత్తడం అనే క్రియ ఉంది. దానికీ వెనక ఉన్నది కేవలం బండి. కారు, క్యారీ, కార్గో అన్నీ ఆ బండి పిల్లలే. అంటే ఛార్జ్ చేయడమంటే బండికెత్తడం, డిశ్చార్జ్ చేయడమంటే బండి మీది నుంచి దించడం. అప్పుడు అన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. తుపాకిలో నింపిన మందు దిగిపోవడం, సెల్లులో ఎక్కించిన కరెంటు దిగిపోవడం, భుజం మీది బాధ్యత దిగిపోవడం.

నేను రెండు గంటలు ఇందులో గడిపాను. చెప్పవలసిన మాట చెప్పకుండా దాని తాత ముత్తాతల్ని వెతుకుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి అన్నకు చెప్పాను. ఆయన ముఖం చాలా రోజుల తర్వాత వెలిగింది.

"అంటే ఇంగ్లీషోడు కూడా మా హమాలోడేనా? డాక్టరమ్మకు తెలుసునా ఈ సంగతి?"

"తెలీదేమోన్నా."

"దించేదంటే ఏమనుకుంటాండారురా అందరూ. ఎత్తేదానికి బలముంటే సాలు. దించేదానికి పనితనం కావాల. కాయ నలిగేది ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడే. ధడాలుమని ఇడిస్తే అడుగు వరస అంతా పోతాది. అట్లని బో జాగ్రత్తగా నిలబడుకోనుంటే వెనకోడొచ్చి గుద్దుతాడు." కళ్ళు మూసుకొని ఆ పని చూస్తున్నట్టు కాసేపు ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. "మల్ల మీ వదినకు సెప్పినావా?"

వదిన లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ వెలుగు ఇంకా ముఖంలో ఉంది.

"సెప్పినా అన్నా" అన్నాను.

"ఏమనె?"

"ఏమీ అనలేదు."

"ఏడిసెనా?"

"లేదు."

అన్న తలుపు వైపు చూశాడు. "గట్టిదిరా అది" అన్నాడు.

మర్నాడు నిజంగానే చెబుదాం, అప్పుడు అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాను. ఆదివారం చుట్టాలు వచ్చారు. సోమవారం, మంగళవారం నాకు డ్యూటీ. ఇవి కారణాలు కావని నాకు తెలుసు. వరుసగా జరిగినవి రాస్తున్నాను, అంతే.

ఆ మూడు రోజులూ అన్న వదినను చూస్తూ ఉండేవాడు. అన్నీ తెలిసి ఆమె అలా తిరుగుతోందని ఆయన నమ్మకం. ఆమె సంగటి ముద్ద చేసి పెడుతూ పక్కింటి కోడి మీద తమాషాలాడుతుంటే, అది తన కోసం పడుతున్న కష్టమని అనుకున్నాడు. మంగళవారం సాయంత్రం నా ముందే అడిగాడు.

"మే, ఈడ కొంచేపు కూసో."

"కూసుంటే పనెవురు సేస్తారు? నీకేం, డిచ్చార్జి అయినాక రాజా మాదిరి పండుకోని మాటలు సెప్తాండావు."

అన్న గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులు రెండూ ఒకటి కావని తెలిసినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

బుధవారం పొద్దున వదిన చేతిసంచితో అరుగు మీదికి వచ్చింది.

"పాప పరీచ్చలు శుక్రారంతో అయిపోతాయి. ఈలోపల మా అమ్మకు రెండు దినాలు శెనక్కాయ పీకేదానికి సాయం సేసి, దాన్ని తోడుకోని వస్తా. మీ అన్నకు తేటగానే ఉండాది కదా. పోయి రానా అప్పా?"

అడిగింది నన్ను. చూస్తున్నది అన్న. వద్దు అంటే యాల, ఎందుకని అడుగుతుంది. అన్న ఎదుట చెబితే, చెప్పానన్నది అబద్ధమని ఆయనకు తెలిసిపోతుంది. ఆ లెక్క వేయడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"పోయిరా వదినా" అన్నాను.

"మాత్రలు మర్సిపోవద్దు. పోయొస్తా" అని ఆమె అన్న దుప్పటి సర్దింది.

"జాగర్తగా పో మే" అన్నాడు అన్న.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. మలుపు తిరిగాక కూడా కొంతసేపు అటే చూశాడు.

"తెలిసీ పోతాండాదంటే, తట్టుకోలేక పోతాండాదిరా. నేను పొయ్యేది కండ్లతో సూడలేదు అది. తప్పు పట్టుకోగూడదు" అన్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవచ్చు. బస్టాండు పది నిమిషాల నడక, బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను లోపలికి పోయి ఆయన మాత్ర తెచ్చాను.

గురువారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి అన్న రక్తం కక్కుకున్నాడు. పన్నెండు యాభైకి వదినకు ఫోన్ చేశాను.

"అన్నకు బాగలేదు. బిరీన రా వదినా."

"అదేందప్పా, డిచ్చార్జి సేసినారు కదా?"

"నయమయి కాదు వదినా. తీసకపొమ్మన్నారు."

పదకొండు రోజులుగా నేను వెతుకుతున్న వాక్యం అది. రెండు ముక్కలు. అటు నుంచి చేనులో గాలి చప్పుడు వినిపించింది, తర్వాత ఫోను కింద పడిన చప్పుడు.

పక్కింటి పెద్దాయన, నేను అన్నను నడవాలో పడుకోబెట్టాం. రెండు గంటలప్పుడు కళ్ళు తెరిచాడు.

"ఎవురికి సేసినావు ఫోను?"

"వదినకి. వస్తాండాది."

"యాలరా? సూడలేదు అది. వద్దని సెప్పు."

"అన్నా, వదినకి" అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళు అప్పటికే మూసుకుపోయాయి. ఊపిరి మారింది. విన్నాడో లేదో చూడడానికి ముఖం దగ్గరికి వంగాను. ఏమీ తెలియలేదు. రెండు నలభైకి ఊపిరి ఆగింది.

వదిన పలమనేరులో బస్సు మారి మూడు యాభై అయిదుకు వచ్చింది. చేతులకు చేనుమట్టి అలాగే ఉంది. నాయన తలగుడ్డ పట్టుకొని పాప ఆమె వెనక నిలబడింది.

మర్నాడు శ్మశానానికి తీసుకుపోతూ దారి మలుపులో పాడె దించారు. దింపుడు కల్లం. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే వెనక్కి వస్తుందని, అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. తలకొరివి పెట్టేది నేనే కాబట్టి నన్నే పిలవమన్నారు. నలుగురూ పాడెను చాలా మెల్లగా దించారు. వాళ్ళూ మండీ హమాలీలే.

మోకాళ్ళ మీద కూర్చొని చెవి దగ్గర నోరు పెట్టాను. "అన్నా" అన్నాను. మళ్ళీ "అన్నా" అన్నాను. మూడోసారి, "అన్నా, వదినకు తెలీదు. నేను సెప్పలేదు. తెలిసుంటే పొయ్యేది కాదు" అన్నాను.

"పిలువు అంటే పిలవాలప్పా, కతలు సెప్పకూడదు" అని పక్కింటి పెద్దాయన నా భుజం తట్టాడు. కాసేపు ఆగి పాడె ఎత్తారు.

కర్మంతరం అయిన మర్నాడు వదిన నన్ను అరుగు మీదికి పిలిచింది. మంచం తీసేశారు. అది వేసినచోట నేల మీద నాలుగు కోళ్ళ గుర్తులున్నాయి.

"దింపుడు కల్లం కాడ మీ అన్న సెవిలో ఏమో సెప్పినావంట. పెద్దాయన అనె. ఏం సెప్పినావు?"

చెప్పాను. ఫిల్టరు దగ్గర డాక్టరమ్మ చెప్పినది, బుధవారం అన్న అడిగినది, శనివారం నేనాడిన అబద్ధం, ఆమె సంచి పట్టుకొని నిలబడినప్పుడు అన్న ఏమనుకున్నాడో, పోయాక ఏమన్నాడో. తేదీల వరుసలో, ఏదీ విడవకుండా. ఆమెతో ఆయనకు నాలుగు మాటలున్నాయని చెప్పినది కూడా చెప్పాను. అక్కడ ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. ఏడవలేదు. కోళ్ళ గుర్తుల వైపు చూసింది.

"ఏం మాటలంట?"

"సెప్పలేదు వదినా. నీతోనే అన్నాడు."

"నేను తెలిసీ ఇడిసిపెట్టి పోయినాననుకొనే పాయెనా?"

"ఊ."

అప్పుడు ఆమె, "ఆ ఇంగ్లీషు కాగితం తే" అంది.

తెచ్చాను. మూడో పేజీ తనే తీసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అయినా వేలు సరిగ్గా మాత్రలకూ సంతకానికీ మధ్య పెట్టింది.

"ఆ పొద్దు వ్యానులో నీ ఏలు ఈడ దాటుకొనింది. నేను సూస్తి. మాత్ర పేరేమోలే, నోరు తిరగలేదేమోలే అనుకుంటి. ఇప్పుడు సదువు."

చదివాను. జబ్బు నయమయ్యే దశ దాటింది. ఈ సంగతి రోగి బంధువులకు వివరించడమైనది.

"బంధువులంటే ఎవురు?"

"ఇంట్లోవాళ్ళు వదినా."

"ఎంతమందికి సెప్పినారంట?"

ఇంగ్లీషులో ఆ మాట బహువచనంలో ఉంది. వివరించింది ఒకరికి.